వీఆర్ఎస్‌కు దరఖాస్తు చేసే ముందు అర్హత ఎలా సరిచూసుకోవాలి?

కంపెనీ వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ పథకం) ప్రకటించగానే అందరూ "ఎంత వస్తుంది?" అనే అడుగుతారు. ముందు అడగాల్సింది "నాకు ఏమేం వర్తిస్తాయి?" అని. మీ వయసు, సర్వీసు అనే రెండు అంకెలను కంపెనీ ఒక లెక్కలో చూస్తుంది, పీఎఫ్ ఆఫీసు ఇంకో లెక్కలో చూస్తుంది, ఆదాయపు పన్ను శాఖది మరో లెక్క. ఒక చోట అర్హత ఉంటే అన్ని చోట్లా ఉన్నట్టే అనుకుని సంతకం పెట్టి, తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లను ఏళ్లుగా చూస్తున్నాను. సహోద్యోగుల దరఖాస్తులు ఎన్నో నింపిన అనుభవంతో ఈ వరుస చెబుతున్నాను.

1. కాగితాలు

వీఆర్ఎస్ సర్క్యులర్ పూర్తి కాపీ (వాట్సాప్‌లో వచ్చే సారాంశం కాదు), అపాయింట్‌మెంట్ ఆర్డర్, పదో తరగతి సర్టిఫికెట్, చివరి పేస్లిప్, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పాస్‌బుక్. ఇవి చాలు.

2. కంపెనీ పెట్టిన షరతు

సర్క్యులర్‌లో కనీస వయసు, కనీస సర్వీసు, వాటిని లెక్కించే తేదీ ఉంటాయి. 2019లో బీఎస్ఎన్ఎల్ 50 ఏళ్లు నిండినవారికి అవకాశమిచ్చింది. 2025 జనవరిలో విశాఖ ఉక్కు 45 ఏళ్ల వయసు, 15 ఏళ్ల సర్వీసు అడిగింది. పక్క కంపెనీ షరతు మీకు వర్తించదు. మీ సర్క్యులర్‌లోని తేదీ నాటికి నిండాయా లేదా, అంతే.

3. ఎక్స్‌గ్రేషియా లెక్క

ఎక్స్‌గ్రేషియా అంటే వీఆర్ఎస్ తీసుకున్నందుకు కంపెనీ ఇచ్చే మొత్తం. ప్రభుత్వ రంగంలో ఎక్కువగా వాడేది గుజరాత్ పద్ధతి. సర్వీసు పూర్తయిన ప్రతి ఏడాదికి 35 రోజుల జీతం, రిటైర్మెంట్‌కు మిగిలిన ప్రతి ఏడాదికి 25 రోజుల జీతం ఇస్తారు. జీతం అంటే బేసిక్, డీఏ మాత్రమే. హెచ్ఆర్ఏ కలపకూడదు.

దీనికి ఒక పరిమితి ఉంది. రిటైర్మెంట్ దాకా పనిచేస్తే వచ్చే జీతం మొత్తాన్ని ఇది మించకూడదు. నెలకు 60,000 అనుకుందాం, అంటే రోజుకు 2,000. 28 ఏళ్లు చేసి 4 ఏళ్లు మిగిలినవారికి 1,080 రోజులు, 21.6 లక్షలు. మిగిలిన జీతం 28.8 లక్షలు కాబట్టి మొత్తం వస్తుంది. అదే 30 ఏళ్లు చేసి 2 ఏళ్లే మిగిలితే లెక్క ప్రకారం 22 లక్షలు, చేతికి వచ్చేది మాత్రం 14.4 లక్షలే. రిటైర్మెంట్‌కు దగ్గరపడినవారు ఈ పరిమితి చూడకుండానే ఇంటి ఖర్చుల పట్టిక వేసుకుంటారు.

ఈ లెక్క కాగితం మీద చేత్తోనే వేయాలి. యూనియన్ గ్రూపుల్లో తిరిగే ఎక్సెల్ షీట్లలో పరిమితి వరుస చాలాసార్లు ఉండదు, ఉన్నా ఫార్ములా ఎవరు మార్చారో తెలియదు. రెండు మొత్తాలూ పక్కపక్కన రాసి, తక్కువదాని చుట్టూ గీత గీయండి. ఇంట్లోవాళ్లకు ఆ అంకె ఒక్కటే చెప్పండి.

4. పన్ను

పన్ను మినహాయింపు 5 లక్షల వరకు, జీవితంలో ఒక్కసారే. 10 ఏళ్ల సర్వీసు గానీ 40 ఏళ్ల వయసు గానీ ఉండాలి, పథకం కూడా ఆదాయపు పన్ను నిబంధనలకు లోబడి ఉండాలి. అదే యాజమాన్యంలోని మరో సంస్థలో చేరకూడదు కూడా.

5. ఈపీఎస్ పెన్షన్: ఇక్కడ తొందర వద్దు

అందరూ పొరబడేది ఇక్కడే. ఈపీఎస్ అంటే పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం. ఈ పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు కావాలి. ఆరు నెలలు, అంతకు మించిన భాగాన్ని ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి తొమ్మిదిన్నర ఏళ్లున్నా సరిపోతుంది. అయితే ఇది కంపెనీ సర్వీసు కాదు, పెన్షన్ ఖాతాలో చందా పడిన సర్వీసు. పాస్‌బుక్‌లో పెన్షన్ గడిని నెల నెలా చూడండి. 15,000 జీతం మీద 8.33 శాతం, అంటే 1,250 పడుతోందా? 2014 సెప్టెంబరు తర్వాత 15,000 కన్నా ఎక్కువ జీతంతో తొలిసారి పీఎఫ్‌లో చేరినవారికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది. జీతం లేని సెలవు రోజులు సర్వీసులోంచి తగ్గుతాయి. పాత ఉద్యోగంలోని పీఎఫ్ ఖాతాను ఇప్పటి ఖాతాలో కలపకపోతే ఆ ఏళ్లు లెక్కలోకి రావు. కలపడం, పుట్టిన తేదీ సరిచేయడం లాంటివన్నీ ఉద్యోగంలో ఉండగానే చేయించాలి. బయటికొచ్చాక హెచ్ఆర్‌లో మీ ఫైలు ఎవరూ కదిలించరు.

ఇప్పుడు వయసు. పూర్తి పెన్షన్ 58కి. 50 నిండితే ముందస్తు పెన్షన్ అడగవచ్చు. కానీ 58కి తగ్గిన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత పడుతుంది, అది జీవితాంతం ఉంటుంది. 58 వచ్చాక మళ్లీ పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. పెరగదు. 50లో మొదలుపెడితే పావు వంతు పైనే పోతుంది. వీఆర్ఎస్ డబ్బు చేతిలో ఉన్న ఏడాదే పెన్షన్ ఫారం 10డి నింపేయడం నేను అస్సలు ఒప్పుకోను. ఆ డబ్బు ఉన్నదే ఈ మధ్య కాలాన్ని దాటడానికి. అప్పులు, వైద్యం ఒత్తిడి లేకపోతే ఫారం 10సి ద్వారా స్కీమ్ సర్టిఫికెట్ (మీ పెన్షన్ సర్వీసును చూపే పత్రం) తీసుకుని, 58 దాకా ఆగాలి. ఆ సర్టిఫికెట్ చేతికి వచ్చాక అందులోని సర్వీసును పాస్‌బుక్‌తో ఒకసారి పోల్చండి.

50 నిండనివారికి ఈ ముందస్తు దారే లేదు. 46లో బయటికొస్తే పెన్షన్ కోసం కనీసం నాలుగేళ్లు ఆగాలి. సర్క్యులర్ 45కే అర్హత ఇచ్చిందంటే పెన్షన్ కూడా 45 నుంచే వస్తుందనుకోవద్దు.

6. నిరుద్యోగ భృతి

ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) పరిధిలో ఉన్నవారు (జీతం 21,000 లోపు) ఇది తప్పక చదవాలి. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద ఉద్యోగం పోయినవారికి సగటు రోజు వేతనంలో సగం చొప్పున 90 రోజుల వరకు ఇస్తారు. స్వచ్ఛందంగా రిటైరైనవారికి ఇవ్వరు. యూనిట్ మూసేస్తూ "వీఆర్ఎస్ రాసివ్వండి" అంటే ఆగండి. రిట్రెంచ్‌మెంట్ (కంపెనీయే ఉద్యోగంలోంచి తీసేయడం) అయితే సర్వీసులోని ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి, భృతికి కూడా దారి ఉంటుంది. ఈ రెండూ కలిపి ఒకవైపు, వీఆర్ఎస్ మొత్తం మరోవైపు రాసి, ఏది ఎక్కువో చూశాకే సంతకం చేయండి.

7. దరఖాస్తు

రెండు కాపీలు తీసి, ఒకదాని మీద తేదీతో అక్నాలెడ్జ్‌మెంట్ స్టాంప్ వేయించుకోండి. ఆన్‌లైన్ అయితే స్క్రీన్‌షాట్ తీసుకుని ప్రింట్ కూడా పెట్టుకోండి. దరఖాస్తు వెనక్కి తీసుకునే గడువు సర్క్యులర్‌లో ఎక్కడుందో వెతికి, ఆ తేదీని మీ కాపీ మీదే రాసుకోండి.