వింత సైజు వయొలిన్, వయోలాలకి ఫిట్టింగ్స్ ఎలా చూసి కొనాలి

వయోలాకి (వయొలిన్ కన్నా కాస్త పెద్దది, గొంతు లోతుగా ఉంటుంది) స్టాండర్డ్ సైజు అంటూ ఏదీ లేదు. బాడీ 38 సెంటీమీటర్లు ఉన్నదీ వయోలానే, 43 ఉన్నదీ వయోలానే. వయొలిన్‌లో ఫుల్ సైజు అంటే బాడీ దాదాపు 356 మి.మీ. అని లెక్క ఉంది గానీ, 7/8 వాటికీ (ఫుల్ కన్నా కాస్త చిన్నవి), ఐదు తీగల వాటికీ, వయొలిన్ బాడీకే వయోలా తీగలు కట్టిన వాటికీ వచ్చేసరికి లోపల లేబుల్ చూసి ఆర్డర్ పెడితే ఏదో ఒకటి పట్టదు. అందుకే సైజు పేరు పక్కన పెట్టి, మిల్లీమీటర్లలో కొలుచుకుని ఆ అంకెలతోనే కొనండి.

కొలవాల్సినవి ఇవీ. బాడీ పొడవు (వెనక వైపు, మెడ దగ్గరుండే చిన్న అర్ధచంద్రాకారపు ముక్కని కలపకుండా). తీగ పొడవు, అంటే పైన నట్ (మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) అంచు నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగల్ని ఎత్తి పట్టే నిలువు చెక్క) మీద తీగ ఆనే చోటు దాకా. బ్రిడ్జ్ నుంచి కింద శాడిల్ (బాడీ కింది అంచున ఉండే చిన్న పట్టీ) దాకా ఎంతుందో. చిన్‌రెస్ట్ (గడ్డం ఆన్చే ముక్క) పట్టే చోట పై చెక్క, కింద చెక్క కలిపి మొత్తం మందం. నట్ దగ్గరా బ్రిడ్జ్ దగ్గరా చివరి తీగల మధ్య దూరం. మెటల్ టేపు వార్నిష్‌కి తగిలితే గీత పడుతుంది, బట్టలు కుట్టేవాళ్ళ టేపు గానీ పేపర్ స్ట్రిప్ మీద పెన్సిల్ గుర్తు పెట్టి తర్వాత స్కేల్ మీద చూసుకోవడం గానీ మేలు.

ఎక్కువమంది దెబ్బతినేది టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు తగిలించే ముక్క) దగ్గరే. బ్రిడ్జ్ దాటాక టెయిల్‌పీస్ దాకా ఉండే తీగ ముక్క, వాయించే పొడవులో సుమారు ఆరో వంతు ఉండాలని మామూలుగా పాటిస్తారు, 328 మి.మీ. తీగ ఉన్న వయొలిన్‌కి అది 55 దాకా వస్తుంది. ఫుల్ సైజులో బ్రిడ్జ్ నుంచి శాడిల్‌కి దాదాపు 161, అందులోంచి 55 తీసేస్తే 106 మిగిలింది. 110 మి.మీ. టెయిల్‌పీస్ ఎందుకు సరిపోతుందంటే, తీగ ఆనే గట్టు దాని చివర కాకుండా కొంచెం లోపలికి ఉంటుంది కాబట్టి. ఇదే లెక్క 381 మి.మీ. చిన్న వయోలాకి వేద్దాం. బ్రిడ్జ్ నుంచి శాడిల్‌కి 176 ఉందనుకోండి, తీగ పొడవు 350, ఆరో వంతు 58, మిగిలింది 118. వయోలా టెయిల్‌పీస్ అని 130ది తెచ్చి పెడితే వెనక భాగం శాడిల్ మీదికి వెళ్ళిపోతుంది, లేదా ముందుకి జరిగి ఆ వెనక తీగ కురచైపోతుంది. అలాంటప్పుడు వయొలిన్ టెయిల్‌పీసో, చిన్న వయోలాకని అమ్మేదో వెతకండి. ఇంకో మెలిక, పైన తగిలించే ఫైన్ ట్యూనర్లు (శ్రుతి కాస్త కాస్త సర్దే చిన్న స్క్రూలు) పెడితే తీగ ఆనే చోటు ముందుకొచ్చి ఆ 58 కాస్తా ఇంకా తగ్గుతుంది. చిన్న వాటికి ట్యూనర్లు లోపలే ఉండే తేలికపాటి టెయిల్‌పీస్ బెటర్, నా మాట వినండి.

టెయిల్‌పీస్ మార్చేటప్పుడు తీగలన్నీ వదులు చెయ్యక తప్పదు, అప్పుడు లోపల సౌండ్‌పోస్ట్ (పై చెక్కకీ కింద చెక్కకీ మధ్య నిలబడే చిన్న కర్ర) పడిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి వాయిద్యాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, టెయిల్‌పీస్ కింద మెత్తటి గుడ్డ పెట్టి, బ్రిడ్జ్ కాళ్ళ దగ్గర సన్నగా గుర్తు పెట్టుకుని, కదపకుండా పని కానివ్వండి. తిరిగి బిగించేటప్పుడు బ్రిడ్జ్ ఫింగర్‌బోర్డ్ (వేళ్ళు పెట్టే నల్లపలక) వైపు ఒరుగుతుంటుంది. టెయిల్‌పీస్ వైపున్న ముఖం నిటారుగా ఉందో లేదో మధ్యమధ్యలో చూసుకుంటూ వెనక్కి సర్దుతూ ఉండాలి.

ఇక తీగలు. తీగలో టెన్షన్ పొడవు స్క్వేర్‌ని బట్టి మారుతుంది, 370 మి.మీ.కి తయారైన తీగని 350 మీద అదే శ్రుతికి కడితే టెన్షన్ దాదాపు 10 శాతం పడిపోతుంది. చిన్న వయోలాలో కింది సి (C) తీగ వదులుగా, బుసబుసమని మోగేది ఇందుకే. సి ఒక్కదాన్ని హెవీ గేజ్‌లో (మందపుది) తెస్తే చాలాసార్లు సరిపోతుంది, నాలుగూ మార్చేస్తే బ్రిడ్జ్ మీద బరువు పెరిగి వాయిద్యం గొంతు బిగుసుకుపోవచ్చు. పై తీగ సంగతి వేరు. ఐదు తీగల వయోలాకి పైన వయొలిన్‌కుండే E తీగ కడతారు కదా, వయొలిన్ కన్నా పొడవు కాబట్టి 370 మీద ఆ తీగ లోపలి ఒత్తిడి 27 శాతం ఎక్కువ ఉంటుంది. సన్న తీగ వేస్తే తెగదులే అనుకుంటారు, అది తప్పు. తెగడం అనేది పొడవు, శ్రుతి, లోహం మీద ఆధారపడుతుంది, మందం మీద కాదు, సన్నదైతే లాగే బలమూ తగ్గుతుంది, తట్టుకునే బలమూ తగ్గుతుంది. కాబట్టి మంచి స్టీల్ తీగే, అదీ ఆ పొడవుకి చెయ్యబడిందే కావాలి. కొనేముందు తీగ చివర్లలో ఉండే రంగు సిల్క్ చుట్టుని కూడా చూడండి, అది నట్ దాటి వాయించే వైపుకి రాకూడదు, బ్రిడ్జ్ మీదికీ ఎక్కకూడదు.

ఐదు తీగలకి మార్చాలనుకునేవాళ్ళు ఈ అంకె ముందు చూడాలి. వయొలిన్ నట్ దగ్గర చివరి తీగల మధ్య సుమారు 16.5 మి.మీ. ఉంటుంది, నాలుగు తీగలకి ఒక్కో సందు 5.5. అందులోనే ఐదు ఇరికిస్తే 4.1కి దిగుతుంది, వేలు పెడితే పక్క తీగ తగులుతుంది. బ్రిడ్జ్ దగ్గరా అంతే, 11 ఉన్న సందు 8కి వస్తుంది, బో (వాయించే కమాను) రెండు తీగల్ని తాకేస్తుంది. అంటే వెడల్పు ఫింగర్‌బోర్డ్, కొత్త నట్, కొత్త బ్రిడ్జ్, ఐదు రంధ్రాల టెయిల్‌పీస్, పెగ్‌బాక్స్‌లో (తీగలు బిగించే బిరడలు, అంటే పెగ్‌లు, ఉండే తల భాగం) ఐదో పెగ్‌కి చోటు, ఇవన్నీ కావాలి. నాలుగు రంధ్రాల టెయిల్‌పీస్‌కి ఇంట్లో డ్రిల్ పెట్టకండి, నల్ల చెక్క అంచున చీలుతుంది. ఇరుకు పెగ్‌బాక్స్‌లో గేర్ పెగ్స్ బాగా పనికొస్తాయి, విట్నర్ కంపెనీ వాళ్ళవి 8.5:1 తగ్గింపుతో (పిడి 8.5 చుట్లు తిప్పితే షాఫ్ట్ ఒక్క చుట్టు) తిరుగుతాయి కాబట్టి ఫైన్ ట్యూనర్లే అవసరం ఉండదు, టెయిల్‌పీస్ దగ్గర చోటు మిగులుతుంది. షాఫ్ట్ వ్యాసం మాత్రం కొలిచే ఆర్డర్ పెట్టాలి. మామూలు పెగ్ అయితే వయొలిన్‌కి 1:30 వాలు (30 మి.మీ.కి 1 మి.మీ. సన్నబడుతుంది), రీమర్ (రంధ్రం తొలిచే పనిముట్టు) అదే వాలుదై ఉండాలి.

చిన్‌రెస్ట్ క్లాంపులు వయొలిన్‌వి వేరు, వయోలావి వేరు, తేడా స్క్రూ పొడవులో. పక్కచెక్క ఎత్తు ఎక్కువున్న దానికి వయొలిన్ క్లాంప్ పెడితే రెండు మూడు చుట్లే పట్టి ఒకరోజు ఊడొస్తుంది. బిగించాక చిన్‌రెస్ట్‌కీ టెయిల్‌పీస్‌కీ మధ్య పేపర్ దూర్చి చూడండి, దూరకపోతే వాయించేటప్పుడు జర్రుమంటుంది. క్లాంప్ తిప్పే పిన్ను రంధ్రం దాటి లోపలికి పోతే పక్క చెక్కకి గాటు పడుతుంది, మధ్యలో పల్చటి అట్టముక్క అడ్డం పెట్టుకోండి. భుజం కింది రెస్ట్ విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు, కాళ్ళు జరిగేది కొంటే చాలు.

వయొలిన్ తయారుచేసే కార్లీన్ హచిన్స్ రకరకాల సైజుల్లో చేసిన ఎనిమిది వాయిద్యాల కుటుంబంలోని ఆల్టో లాంటి, బాడీ 20 అంగుళాలున్న వాటిని గడ్డం కింద పట్టుకోవడం కష్టం, చెల్లోలా నిలబెట్టి వాయించాలంటే ఎండ్‌పిన్ (కింద నేలకి ఆనే కడ్డీ) కావాలి. కడ్డీలు ఎక్కువగా 8 లేదా 10 మి.మీ.లో దొరుకుతాయి. కడ్డీ సంగతి తేలికే, దాన్ని పట్టే ప్లగ్ వాలు మీ రంధ్రంతో కలవాలి, కలవకపోతే రంధ్రం పెద్దది చెయ్యడం కన్నా చెక్కతో పూడ్చి మళ్ళీ తొలిపించడం మేలు, ఆ పని రిపేర్ చేసేవాళ్ళకే వదిలెయ్యండి.

కేసు కొనేటప్పుడు బాడీ పొడవుతో పాటు మొత్తం పొడవు కూడా పట్టుకెళ్ళండి. లోపల బాడీకి పైనా కిందా ఖాళీ ఉంటే ఫోమ్ ముక్కలతో నింపొచ్చు గానీ, స్క్రోల్ (తల చివరి చుట్ట) వెనక ఏదీ తగలకూడదు.