ఉష్ణోగ్రత సెన్సర్ 85 డిగ్రీలు చూపిస్తుంటే

డీఎస్18బీ20 సెన్సర్‌ను చిన్న మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామ్‌తో నడిచే చిప్) బోర్డుకు కలిపి, యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌లో గది ఉష్ణోగ్రత చూసుకోదలచినవారు సెన్సర్‌ను బోర్డు మీదే సోల్డరింగ్ చేయకుండా జానెడు తీగతో దూరంగా ఉంచాలి. లేకపోతే బోర్డుపై వోల్టేజీని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్ వేడి కూడా కొలతలో కలిసిపోతుంది. డేటా తీగకు, సరఫరా తీగకు మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తప్పనిసరి. తెరపై సరిగ్గా 85 డిగ్రీలు కనిపిస్తే సెన్సర్ పాడైందని పారేయకండి. విద్యుత్తు అందగానే అందులో ఉండే తొలి విలువ అదే. కొలత పూర్తికాకముందే ప్రోగ్రామ్ దానిని చదివేసి ఉంటుంది. 12 బిట్ల కొలతకు, అంటే ఈ సెన్సర్ ఇవ్వగల అత్యంత సూక్ష్మమైన కొలతకు, గరిష్ఠంగా 750 మిల్లీసెకన్లు పడుతుంది కనుక, కొలవమని ఆదేశమిచ్చాక అంతసేపు ఆగి చదవాలి. దశాంశం తరువాత నాలుగు అంకెలు కనిపించాయని మురిసిపోనక్కరలేదు. గది వాతావరణంలో ఈ సెన్సర్ కచ్చితత్వం అర డిగ్రీ అటూ ఇటూ మాత్రమే.