సెకండ్ హ్యాండ్ పీఎస్4: డబ్బులిచ్చే ముందు ఏ గేమ్ పెట్టి చూడాలి

హోమ్ స్క్రీన్ వచ్చినంత మాత్రాన పీఎస్4 (సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 4 గేమ్ పెట్టె) బాగున్నట్టు కాదు. కొన ఊపిరితో ఉన్న పెట్టె కూడా నీలం లైటు వెలిగించి మెనూ చూపిస్తుంది. లోపల చిప్ వేడిని లాగే థర్మల్ పేస్టు ఎండిపోయిందా, ఫ్యానుకి దుమ్ము పట్టిందా, హార్డ్ డిస్కు అరిగిందా అన్నది బరువైన గేమ్ పెట్టి అరగంట ఆడితేనే బయటపడుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లినా, ఆన్‌లైన్ ప్రకటన చూసి కూకట్‌పల్లిలో ఎవరి ఫ్లాట్‌కో వెళ్లినా ఆ అరగంట అడిగి తీసుకోండి. "చెక్ చేసే పెట్టినం అన్నా, ఏం ఫికర్ చెయ్యకు" అంటారు. "సరే అన్నా, ఒక్క అరగంట ఆడి చూసి తీసుకుంటా" అనండి. దానికి ఒప్పుకోని చోట కొనకపోవడమే మేలు.

ఏ మోడల్

వెనక లేబుల్ మీద సీయూహెచ్ అని మొదలయ్యే నంబర్ ఉంటుంది. 1000, 1100, 1200 అయితే 2013లో మొదలైన పాత లావు మోడల్. 2000 సిరీస్ 2016లో వచ్చిన స్లిమ్, 7000 సిరీస్ అదే ఏడాది వచ్చిన ప్రో. మామూలు ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్నవాళ్లకి స్లిమ్ చాలు. కరెంటు తక్కువ లాగుతుంది, వేడి తక్కువ, వైఫై 5 గిగాహెర్ట్జ్ కూడా పడుతుంది. పాత లావు మోడల్‌కి 2.4 తప్ప వేరేది కనపడదు. అందులో 1000, 1100లకి ఇంకో తిక్క ఉంది. అడుగున ఉన్న రబ్బరు పాదం ఉబ్బి, టచ్‌తో పనిచేసే ఎజెక్ట్ బటన్‌ని లోపలి నుంచి నొక్కుతుంది. దాంతో ఆట మధ్యలో బీప్‌మంటూ డిస్కు దానంతటదే బయటికొస్తుంది. పెద్ద రిపేరేం కాదుగానీ బేరానికి పనికొస్తుంది.

వెంట తీసుకెళ్లేవి

మీ హెచ్‌డీఎంఐ కేబుల్, డేటా వెళ్లే మైక్రో యూఎస్‌బీ కేబుల్, చిన్న పెన్ డ్రైవ్, ఆండ్రాయిడ్ ఫోన్, ఇంకా రెండు డిస్కులు. స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకున్నా సరే, ఆ రెండింట్లో ఒకటి 2018లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ అయితే మంచిది. ఎందుకో కిందుంది.

స్విచ్ వేయకముందే ఫోన్ టార్చితో హెచ్‌డీఎంఐ పోర్టులోకి చూడండి. 19 పిన్నులూ వరసగా ఉండాలి. ఒకటి వంగినా, పోర్టు వదులుగా కదిలినా ఇవాళ బొమ్మ వచ్చి రేపు పోతుంది. ఆ పోర్టు మార్చడం సన్నటి సోల్డరింగ్ పని. తర్వాత పక్క సందుల్లో దుమ్ము చూడండి. బూడిద రంగు నూగులా పేరుకుని ఉంటే ఎప్పుడూ విప్పలేదన్నమాట. వెనక సీళ్లు చిరిగి ఉంటే విప్పారన్నమాట. విప్పడం తప్పు కాదు, శుభ్రం చేయడానికే అయి ఉండొచ్చు. "ఎందుకు విప్పారు?" అని అడిగినప్పుడు తడబాటు లేకుండా జవాబొస్తే చాలు.

ఆన్ చేశాక మొదటి ఐదు నిమిషాలు

ముందు ఇన్‌స్టాల్ కాని గేమ్ డిస్కు ఒకటి లోపల పెట్టి వదిలేయండి. మిగతావి చూసేలోపు అది ఎక్కుతూ ఉంటుంది. గేమ్ ఇప్పటికే హార్డ్ డిస్కులో ఉంటే డిస్కు డ్రైవ్ చేసే పని దాదాపు ఏమీ ఉండదు, డిస్కు ఉందో లేదో చూసి ఊరుకుంటుంది. అందుకే అమ్మేవాళ్లు ముందే ఎక్కించి పెట్టిన గేమ్‌తో డ్రైవ్ సంగతి తేలదు. డిస్కు లాక్కునేటప్పుడు కిర్రుమన్నా, రెండుసార్లు తోస్తేగానీ పట్టుకోకపోయినా లోపలి రబ్బరు రోలర్ అరిగింది. ఎక్కడం మధ్యలో ఆగిపోతే లెన్స్ మీద అనుమానం. అప్పుడు రెండో డిస్కు పెట్టి చూడండి. అదీ ఆగితే తప్పు డ్రైవ్‌దే.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. సాఫ్ట్‌వేర్ 9.00 దగ్గరో 11.00 దగ్గరో ఆగి ఉండి, "యాభై గేమ్‌లు ఫ్రీ" అని ఊరిస్తుంటే అది జైల్‌బ్రేక్ చేసిన (సోనీ తాళం విరగ్గొట్టి దొంగ గేమ్‌లు ఎక్కించిన) పెట్టె. అప్‌డేట్ చేస్తే ఆ గేమ్‌లు ఆడవు, చేయకపోతే ఆన్‌లైన్ రాదు. ఆ యాభై లెక్కలోకి తీసుకుని ఎక్కువ ఇవ్వకండి.

ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఇంటర్నెట్ కనెక్షన్ టెస్ట్ నడపండి. పాత మోడల్ అయితే హాట్‌స్పాట్‌ని 2.4కి మార్చాలి, లేకపోతే వైఫై పోయిందని పొరబడతారు. ముందున్న యూఎస్‌బీ పోర్టులు రెండింట్లోనూ పెన్ డ్రైవ్ పెట్టి చూడండి. చివరికి మీ సొంత పీఎస్ఎన్ (సోనీ ఆన్‌లైన్ నెట్‌వర్క్) అకౌంట్‌తో లాగిన్ కండి. నిషేధం పడిన పెట్టె ఇక్కడే దొరికిపోతుంది. ఎంత ప్రయత్నించినా సైన్ ఇన్ కానివ్వదు.

అసలు పరీక్ష: గేమ్‌లు

హార్డ్ డిస్కు సంగతి తేలాలంటే స్పైడర్‌మ్యాన్. ఆట మొదలవగానే న్యూయార్క్ మీద ఊగుతూ వెళ్లడమే, ఎక్కువసేపు ఎదురుచూడక్కర్లేదు. ఊగుతున్నంతసేపూ ముందున్న వీధి హార్డ్ డిస్కు నుంచి చదువుకుంటూ వస్తుంది. ఆర్2 నొక్కిపట్టి ఓ ఐదు నిమిషాలు ఆగకుండా ఊగండి. బాగున్న డిస్కులో నగరం నీళ్లలా జారిపోతుంది. భవనాలు మైనపు ముద్దల్లా వచ్చి తర్వాత రూపు దిద్దుకుంటున్నా, మధ్యమధ్యలో అర సెకను బిగుసుకుపోతున్నా డిస్కు ముసలిదైపోయింది. పెట్టె దగ్గర చెవి పెట్టి వినండి, టిక్ టిక్ శబ్దం వస్తే ఇంకెక్కువ రోజులు లేవు. ఇదొక్కటీ పెద్ద నష్టం కాదు. 2.5 అంగుళాల సాటా డ్రైవ్ ఏదైనా పడుతుంది, మందం 9.5 మిల్లీమీటర్లు దాటకూడదంతే. 500 జీబీ ఎస్ఎస్‌డీ వేస్తే లోడింగ్ బాగా తగ్గుతుంది కూడా. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

వేడికి గాడ్ ఆఫ్ వార్ (2018). చిత్రమేమిటంటే, యుద్ధాల కంటే ఇందులో మ్యాప్ తెరిచినప్పుడే ఫ్యాను ఎక్కువ గోల చేస్తుంది. హొరైజన్ జీరో డాన్‌లోనూ అంతే. అమ్మేవాళ్ల ప్రొఫైల్‌లో సేవ్ ఉంటే నేరుగా మ్యాప్ తెరిచి పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఫ్యాను హోరెత్తడం మామూలే, భయపడక్కర్లేదు. ఆ హోరు ఒక స్థాయికి చేరి అక్కడే నిలబడాలి. పెరుగుతూనే ఉండి, ప్రెషర్ కుక్కర్ విజిల్ ముందు చేసే చప్పుడులా మారి, "పీఎస్4 చాలా వేడిగా ఉంది" అనే హెచ్చరిక వస్తే థర్మల్ పేస్టు ఎండిపోయింది. సేవ్ లేకపోతే మొదటి నుంచి మొదలుపెట్టి అడవిలో అరగంట నడవండి. పదే పదే సీఈ-34878-0 అని గేమ్ మూసుకుపోతుంటే ఒక్క గేమ్‌దో, పెట్టెదో తేల్చడానికి ఇంకో గేమ్ పెట్టండి. రెండింట్లోనూ వస్తే వదిలేసి వచ్చేయండి.

థర్మల్ పేస్టు మార్చడం కష్టమైన పనేం కాదు. సెక్యూరిటీ టార్క్స్ టీ8 స్క్రూడ్రైవర్, మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్, చిప్ మీద బఠాణీ గింజంత పేస్టు. అలవాటు లేకపోతే కోఠి గుజరాతీ గల్లీలో పేస్టు కొనుక్కుని, విప్పే పని మాత్రం తెలిసినవాళ్లకి ఇవ్వండి. తొందరపడి లాగితే తెగేది లోపలి సన్నటి రిబ్బన్ కేబులే.

కంట్రోలర్

గేమ్‌లో పెట్టి చూస్తే డ్రిఫ్ట్ (స్టిక్ ముట్టుకోకపోయినా కదిలినట్టు లెక్కలోకి రావడం) సరిగ్గా తెలియదు. చాలా గేమ్‌లు స్టిక్ మధ్యలో కొంచెం చోటు వదిలేసి, చిన్న కదలికను పట్టించుకోవు. ఇవాళ గాడ్ ఆఫ్ వార్‌లో బాగున్న కంట్రోలర్ రేపు ఇంకో గేమ్‌లో కెమెరాని తనంతట తనే పైకి తిప్పుతుంది. కాబట్టి ఫోన్‌తో చూడండి. షేర్, పీఎస్ బటన్లు కలిపి లైటు గబగబా మెరిసేదాకా పట్టుకుని, బ్లూటూత్‌లో కలపండి. బ్రౌజర్‌లో గేమ్‌ప్యాడ్ టెస్టర్ పేజీ ఏదైనా తెరిస్తే రెండు స్టిక్కుల అంకెలూ కనిపిస్తాయి. ఒక్కో స్టిక్కునీ ఒక్కో దిక్కుకి లాగి టక్కున వదలండి, పదిసార్లు. వదిలాక 0.05 లోపు ఆగితే మంచిదే. 0.1 దాటి ఆగుతుంటే లోపల కార్బన్ పట్టీ అరిగింది. స్పిరిట్ చుక్క వేస్తే వారమో పది రోజులో బాగుంటుంది, మళ్లీ మామూలే. అసలు మందు మాడ్యూల్ మార్చడం. ఒక్కో స్టిక్కుకీ 14 చోట్ల టంకం విప్పాలి. ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి హాల్ ఎఫెక్ట్ మాడ్యూల్ వేయించండి. అయస్కాంతంతో పనిచేస్తుంది, అరిగే పట్టీ ఉండదు.

ఎల్2, ఆర్2 మెల్లగా నొక్కితే అంకె 0 నుంచి 1కి మెట్లుమెట్లుగా పెరగాలి. ఒకేసారి దూకితే నకిలీదన్న అనుమానం పెట్టుకోండి. నకిలీల్లో టచ్‌ప్యాడ్, చిన్న స్పీకర్ కూడా తరచూ ఉత్తుత్తివే. బ్యాటరీ 1000 ఎంఏహెచ్‌ది, మార్చుకోవచ్చు. పాత కంట్రోలర్‌కీ, టచ్‌ప్యాడ్ మీద వెలుగు గీత కనిపించే కొత్తదానికీ కనెక్టర్ వేరు. కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి.

డబ్బులిచ్చే ముందు

అమ్మేవాళ్ల చేతే అకౌంట్ మేనేజ్‌మెంట్‌లో ప్రైమరీ పీఎస్4ని డీయాక్టివేట్ చేయించండి. ఆ తర్వాత ఇనిషియలైజ్ (అన్నీ తుడిచేయడం), క్విక్ చాలు, కొన్ని నిమిషాల పని. "నా అకౌంట్‌లోనే ఉంచుకో, గేమ్‌లు ఆడుకోవచ్చు" అనే మాట వినసొంపుగా ఉంటుంది. పాస్‌వర్డ్ వాళ్లు మార్చిన రోజు గేమ్‌లూ ఉండవు, మీ సేవ్‌లూ చేతికి రావు.

డిస్కులు: ఏవి కొనాలి, ఏవి వద్దు

పీఎస్4 గేమ్ డిస్కుకి రీజియన్ అడ్డు లేదు. అదనపు కంటెంట్‌కి మాత్రం ఉంది, అకౌంట్ ఏ దేశానిదో డిస్కూ ఆ రీజియన్‌దైతేనే అది కలుస్తుంది. గీతలున్న డిస్కుని పాలిష్ చేయించామంటే తీసుకోకండి. ఈ డిస్కులు బ్లూరేలు, వాటిలో డేటా పొర చదివే వైపు నుంచి 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంటుంది, డీవీడీలా అరగదీసే వీలు లేదు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 రెండేసి డిస్కులతో వస్తాయి. ఒకటి ఎక్కించడానికి, ఒకటి ఆడటానికి. కేసు తెరిచి రెండూ లెక్కపెట్టుకోండి.

పాత కేసుల గుట్టలో చచ్చిపోయిన గేమ్‌లూ ఉంటాయి. ది క్రూ సర్వర్లు 2024 మార్చి 31తో మూసేశారు, ఆ డిస్కు ఇప్పుడు టీ గ్లాసు కింద పెట్టుకోవడానికే. మొదటి ఓవర్‌వాచ్ 2022లోనే ఆగిపోయింది. గ్రాన్ టూరిస్మో స్పోర్ట్ ఆన్‌లైన్ కూడా 2024 జనవరి 31తో పోయింది, ఒంటరిగా ఆడుకోవడానికి మాత్రం ఇంకా పనికొస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి గాడ్ ఆఫ్ వార్ ముందు. కెమెరా ఎక్కడా తెగకుండా కథంతా ఒకే షాట్‌లా నడుస్తుంది, ఇప్పటికీ పాతబడలేదు. బ్లడ్‌బోర్న్ (2015) సెకనుకి 30 ఫ్రేమ్‌లతోనే, అది కూడా కాస్త తడబడుతూ నడుస్తుంది. అయినా ఆ ఊరి వీధుల్లో పడే భయం ఇంకెక్కడా దొరకదు. తొలి రెండు గంటల్లో విసిగిపోయి అమ్మేసేవాళ్లే ఎక్కువ, మొదటి గేమ్‌గా వద్దు. ఇంట్లో ఇద్దరుంటే ఇట్ టేక్స్ టూ, ఒక్కరికి అసలు ఆడనివ్వదు కాబట్టి రెండో కంట్రోలర్ ఖర్చు కూడా లెక్కేసుకోండి. ఫుట్‌బాల్, క్రికెట్ గేమ్‌లు కొత్తది రాగానే పాతదాని ధర పడిపోతుంది. ఆడి అమ్మేద్దామనుకునేవాళ్లు వాటిని కొత్తవి కొనకపోవడం మంచిది.

ఇంటికొచ్చాక

500 జీబీ పెట్టెలో మిగిలేది దాదాపు 400. పెద్ద గేమ్ ఒక్కటే వంద లాగేస్తుంది, పైగా అప్‌డేట్ కాపీ అయ్యేటప్పుడు ఇంకా ఖాళీ అడుగుతుంది. అద్దాల తలుపుల టీవీ యూనిట్‌లో పెట్టకండి. ఏప్రిల్, మేలో గదే కాలుతుంటే పెట్టె చల్లబడేదెలా? వెనకా పక్కలా నాలుగేసి అంగుళాలు వదలండి.

ఆట మధ్యలో కరెంటు పోవడం వేడికంటే పెద్ద శత్రువు. కంప్యూటర్‌కి వాడే 600 వీఏ యూపీఎస్ స్లిమ్‌కి సరిపోతుంది, సేవ్ చేసి మూసేంత టైమిస్తుంది. కరెంటు పోయి వచ్చాక స్టోరేజ్ తనిఖీ దగ్గరే చిక్కుకుంటే, ఆపేసి పవర్ బటన్‌ని రెండో బీప్ దాకా, అంటే ఏడు సెకన్లు నొక్కిపట్టండి. సేఫ్ మోడ్ వస్తుంది. అందులో ఐదోది, రీబిల్డ్ డేటాబేస్. గేమ్‌లూ సేవ్‌లూ పోవు. ఆరూ ఏడూ మాత్రం అన్నీ తుడిచేస్తాయి, తొందరలో వేలు జారనీకండి. సేఫ్ మోడ్‌లో కంట్రోలర్ బ్లూటూత్‌తో పలకదు, కేబుల్ పెట్టాలి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ పెట్టి, పీఎస్ బటన్ ఎంత నొక్కినా పలకట్లేదని కంట్రోలర్‌ని రిపేరుకి పట్టుకెళ్లేవాళ్లున్నారు.