పొడవాటి ఇంగ్లీష్ మాటల్లో నొక్కు ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

విశాఖలో ఇంటర్వ్యూలకు తయారయ్యే కుర్రాళ్లు గ్రామర్‌కి పడే టెన్షన్‌లో సగం కూడా ఉచ్చారణకు పడరు. తెలుగులో ప్రతి అక్షరాన్నీ స్పష్టంగా పలుకుతాం, ఇంగ్లీషులోనూ అలాగే లాగించేస్తాం. బీచ్ రోడ్డులో మ్యూజియం బోర్డు చూసి మొదటి అక్షరం నొక్కుతాం. నొక్కాల్సింది రెండోది: మ్యు-'జీ-యమ్. (డిక్షనరీల్లో లాగే, నొక్కి పలికే ముక్కకు ముందు చిన్న గీత పెడుతున్నాను.)

ముందు సిలబుల్స్ లెక్కపెట్టండి. స్పెల్లింగ్ వదిలేసి చెవితో వినండి. ఒక అచ్చు ధ్వనికి ఒక సిలబుల్. గడ్డం కింద చెయ్యి పెట్టి మెల్లగా పలికితే, దవడ ఎన్నిసార్లు దిగితే సుమారుగా అన్ని. చివర 'ఉ' తగిలించే అలవాటుతో మాత్రం జాగ్రత్త: మన 'బస్సు'లో రెండు, ఇంగ్లీష్ 'బస్'లో ఒకటే.

ఆ తర్వాత మాట తోక చూడండి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. చివర 'షన్' గానీ 'ఇక్' గానీ ఉంటే, దానికి సరిగ్గా ముందున్న సిలబుల్‌ని నొక్కాలి: ఎ-జు-'కే-షన్. 'ఇటీ', 'గ్రఫీ', 'లజీ', 'ఇకల్' ఉంటే చివరి నుంచి మూడోది. ఆంధ్రా యూనివర్సిటీ బోర్డు మీద యూ-ని-'వర్-స-టి, జూ పార్కు బోర్డు మీద జూ-అ-'లా-జి-కల్, సముద్ర పరిశోధన సంస్థ బోర్డు మీద ఓ-ష-'నా-గ్ర-ఫి.

తోక మారితే నొక్కూ జరుగుతుంది. 'ఫో-ట-గ్రాఫ్, ఫ-'టా-గ్ర-ఫి, ఫో-ట-'గ్రా-ఫిక్: ఈ మూడూ వరసగా పైకి అనుకుంటే ఆ జరగడం చెవికి పట్టుబడుతుంది. 'ఈర్' తోకైతే తన మీదే నొక్కించుకుంటుంది: ఎన్-జి-'నీర్. మన ఊళ్లో ఇంటికొకరున్నా ఈ మాట సరిగ్గా పలికేవాళ్లు తక్కువే! ఎదురుతిరిగేవీ ఉన్నాయి. టెలివిజన్, పాలిటిక్స్ మొదట్లోనే నొక్కుతారు.

నొక్కడమంటే అరవడం కాదు. ఆ ముక్కని కాస్త సాగదీసి, గొంతు కొంచెం ఎత్తి, మిగతావి తేలిగ్గా వదిలేయాలి. మనవాళ్లకు కష్టమైంది ఈ వదిలేయడమే. పద్యంలో గురులఘువులు గుర్తించినవాళ్లకు ఇది మరీ కొత్తేం కాదు, కాకపోతే ఇంగ్లీషులో అక్షరం చూసి తేల్చలేం. 'రికార్డ్' నామవాచకమైతే 'రె-కార్డ్, క్రియైతే రి-'కార్డ్, స్పెల్లింగ్ మాత్రం ఒకటే. ఇలాంటి చోట ఊహించుకోకుండా ఫోన్‌లో డిక్షనరీ తెరిచి, స్పీకర్ గుర్తు నొక్కి వినండి.