రెండో మానిటర్ పెట్టాక ఫొటో ఎడిటింగ్ నత్తనడక నడుస్తోందా? ముందు కేబుల్ చూడండి

రెండో మానిటర్ తగిలించిన రోజు నుంచి నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మొరాయించడం మొదలుపెట్టింది, బ్రష్ లాగితే గీత అర సెకను ఆగి తాపీగా వచ్చేది, ర్యామ్ తక్కువైందేమో అని కొనడానికి కూడా రెడీ అయిపోయా. తీరా సీపీయూ వెనక్కి తిప్పి చూస్తే ఒక కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి (స్క్రీన్ మీద బొమ్మ గీసే విడి కార్డు), రెండోది పైన యూఎస్‌బీ పోర్టుల పక్కన మదర్‌బోర్డుకి గుచ్చి ఉంది! అంటే రెండో స్క్రీన్‌ని నడిపేది ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్సే అన్నమాట, విండో అటు జరిపినప్పుడల్లా బొమ్మ ఒక చోట తయారై ఇంకో చోటికి కాపీ అవ్వాలి. రెండూ కార్డుకే పెట్టా, సగం గోల అక్కడే పోయింది.

ఇంకా నెమ్మదిగా ఉంటే విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కి వెళ్లి ఆ యాప్‌కి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి. గ్రాఫిక్స్ డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ సరేసరి. అన్నట్టు 4కె స్క్రీన్ అంటే 3840×2160, ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా 4 రెట్లు పిక్సెల్స్ (బొమ్మలోని చుక్కలు) గీయాలి, అందుకే ఎడిటింగ్ విండోని కాస్త చిన్నది చేసి చూడండి, అప్పుడు స్పీడ్ పెరిగితే భారం గ్రాఫిక్స్ మీదే పడుతోందని తెలిసిపోతుంది. రెండో స్క్రీన్‌లో అదే ఫొటో ప్రివ్యూ తెరిచి ఉంటే అదీ మూసేయండి, ప్రతి మార్పుకీ రెండు సార్లు గీయాల్సి వస్తుంది పాపం దానికి.