బోర్గెన్ చూసే పద్ధతి, చూశాక పోట్లాడుకునే పద్ధతి

డేనిష్ రాజకీయ సీరియల్ 'బోర్గెన్' మొదలుపెట్టి అరగంటలో ఆపేసినవాళ్లు నాకు చాలామందే తెలుసు. అందరిదీ ఒకటే గొడవ: "ఇన్ని పార్టీలేంటి? ఎవరు ఎవరి మనిషో ఎలా తెలుస్తుంది?" కోపెన్‌హాగన్‌లో కాపురం పెట్టాక ఆదివారం రాత్రిళ్లు మా ఇంట్లో నలుగురినీ కూర్చోబెట్టి ఈ సీరియల్ చూపించడం నాకు అలవాటైపోయింది. డేనిష్ ప్రభుత్వ టీవీ డీఆర్ కూడా దీన్ని 2010లో ఆదివారం రాత్రే వేసింది. కొత్తగా చూసేవాళ్లు ఎక్కడ జారిపోతారో, ఎక్కడ గొంతు పెంచుతారో ఇప్పుడు నాకు ముందే తెలిసిపోతుంది. అందుకే ఈ సలహాలు. కథ కొంత బయటపడుతుంది, ముందే చెబుతున్నా.

మొదటి రెండు ఎపిసోడ్లూ ఒకే రాత్రి చూడండి. ఒక్కోటి దాదాపు గంట. కథానాయిక బిర్గిటె న్యూబోర్గ్ ఒక పార్టీ నాయకురాలు. మొదటిది ఎన్నికలు, రెండోది ఆవిడ ప్రభుత్వం ఏర్పాటు. మొదటిది చూసి పడుకుంటే "ఆవిడ గెలిచిందిగా, బావుంది" అనుకుంటారు. అసలు సీరియల్ రెండోదాంట్లో మొదలవుతుంది. డబ్బింగ్ పెట్టకండి. సబ్‌టైటిల్స్‌తో డేనిష్‌లోనే వినండి. బిర్గిటె న్యూబోర్గ్‌గా చేసిన సిడ్సే బాబెట్ క్నుడ్సెన్ సగం నటన గొంతులోనే ఉంది. డబ్బింగ్‌లో అది పోతుంది.

పార్టీల పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. ఒక్క అంకె గుర్తుంచుకోండి: 90. డేనిష్ పార్లమెంటు ఫోల్కెటింగ్‌లో 179 సీట్లు, మెజారిటీకి 90 కావాలి. అందులో డెన్మార్క్ రాజ్యంలోనే ఉన్న గ్రీన్‌లాండ్‌వి రెండు, ఫారో దీవులవి రెండు. ఓట్లలో రెండు శాతం వస్తే చాలు, పార్టీ లోపలికి వచ్చేస్తుంది. అందుకే అన్ని పార్టీలు. ఒక్క పార్టీకే సొంతంగా మెజారిటీ రావడమన్నది అక్కడ వందేళ్ల పైబడి జరగలేదు. ఇంకో మెలిక కూడా ఉంది. ప్రధాని కావాలంటే 90 మంది మీకు ఓటేయక్కర్లేదు, 90 మంది మీకు వ్యతిరేకంగా లేకపోతే చాలు. అందుకే మైనారిటీ ప్రభుత్వాలు అక్కడ మామూలే. ఒక కాగితం మీద 90 అని రాసి టీపాయ్ మీద పెట్టండి. ఎవరైనా బయటికి వెళ్లిపోతామని బెదిరించినప్పుడల్లా ఆ అంకెకేసి చూస్తే సీన్ అర్థమైపోతుంది.

ఇదంతా సీరియల్ కోసం అల్లిన లెక్క అని మా ఆయన మొదట్లో కొట్టిపారేశారు. 2022 నవంబరు ఎన్నికల్లో ఎడమవైపు కూటమికి సరిగ్గా 90 వచ్చాయి. అదీ గ్రీన్‌లాండ్, ఫారో సీట్లు కలుపుకుంటేనే. తీరా ఆ కూటమిని నడిపిన అప్పటి ప్రధాని మెటె ఫ్రెడెరిక్సెన్ ఆ 90ని పక్కనపెట్టి అవతలి గట్టువాళ్లతో కలిసి ప్రభుత్వం పెట్టారు. అందులో చేరిన మాజీ ప్రధాని లార్స్ లుకె రాస్ముసెన్ కొత్త పార్టీ పేరు మోడరేట్స్. సీరియల్‌లో న్యూబోర్గ్ పార్టీ పేరూ అదే! ఆ తర్వాత మా ఆయన ఆ కాగితం జోలికి రాలేదు.

నిజం పార్టీలతో పోల్చే ఆట డేన్స్‌కి భలే ఇష్టం. న్యూబోర్గ్ మోడరేట్స్ అంటే రాడికేలె వెన్‌స్ట్రె, ఫ్రీడమ్ పార్టీ అంటే డేనిష్ పీపుల్స్ పార్టీ, ఇలా వరస పెడతారు. అసలైన మొదటి మహిళా ప్రధాని హెల్లె థోర్నింగ్-ష్మిట్ వచ్చింది 2011 అక్టోబరులో, అంటే సీరియల్ మొదలైన ఏడాదికి. కాబట్టి ఆవిణ్ని చూసి ఇది రాశారన్న మాట చెల్లదు. పోలికలు ఒకసారి చెప్పుకుని వదిలేయండి. ప్రతి పాత్ర వెనకా ఎవరో ఒకరిని వెతుకుతూ కూర్చుంటే కథ చేజారిపోతుంది.

ఇక పోట్లాటల సంగతి. బోర్గెన్ చూసినవాళ్లు చర్చించుకోరు, పక్షాలు కడతారు. మా గుంపులో ప్రతిసారీ మొదటి గొడవ రసీదు మీదే. అప్పటి ప్రధాని లండన్‌లో భార్య కొన్నవాటికి ప్రభుత్వ కార్డు గీకుతాడు. ఆ రసీదు న్యూబోర్గ్ సలహాదారు కాస్పర్ చేతికొస్తుంది. ఆవిడ వాడనంటుంది. కాస్పర్ దాన్ని లేబర్ నాయకుడు లాగెసెన్‌కి అందిస్తాడు, అతను టీవీ డిబేట్‌లో బయటపెడతాడు. దాంతో ఇద్దరు మగ నాయకులూ బురదలో పడతారు, చేతులకి మట్టి అంటని న్యూబోర్గ్ పైకొస్తుంది. "ఎంత నిజాయితీ!" అని ఒకరు మురిసిపోతారు. అప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న: ఆ రసీదు బయటికి రాకపోతే ఆవిడ ప్రధాని అయ్యేదా? ఉద్యోగంలోంచి తీసేసిన కాస్పర్‌నే కొన్నాళ్లకి ఎందుకు వెనక్కి పిలిచింది? దీంతో ఒక అరగంట హాయిగా గడిచిపోతుంది.

రెండో గొడవ ఇంటిది, అన్నిటికంటే వేడైనది. భర్త ఫిలిప్, భార్య వంతు అని తన కెరీర్‌ని కొన్నాళ్లు పక్కనపెట్టి పిల్లల్ని చూసుకుంటాడు. తర్వాత తనకో మంచి ఉద్యోగం వస్తుంది. ఆ కంపెనీకి యుద్ధ విమానాల కొనుగోలుతో లింకు ఉందని తేలేసరికి భార్యే మానేయమంటుంది. ఈ ఎపిసోడ్ అయ్యాక ఎవరినీ వెంటనే మాట్లాడనివ్వకండి, ముందు టీ పెట్టండి. పోయినసారి మా గదిలో ఆడవాళ్లలో సగంమంది ఫిలిప్ పక్షం, మగవాళ్లలో ఒకాయన బిర్గిటె పక్షం! "ఇల్లు చూసుకోలేనివాళ్లు దేశం ఏం చూస్తారు" అన్న మాట ఎవరో ఒకరి నోట రాక తప్పదు. అప్పుడు నేనొకటే అంటాను: ఇదే ప్రశ్న సీరియల్‌లో ఉన్న మగ నాయకుల్లో ఒక్కరినైనా అడిగావా? లాగెసెన్ ఇంట్లో పిల్లల హోంవర్క్ ఎవరు చూస్తున్నారు? దానికి ఇంతవరకూ ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. అలాగని ఆవిణ్ని వెనకేసుకొస్తున్నానని కాదు. ఫిలిప్‌తో ఆవిడ మాట్లాడే తీరు, ముఖ్యంగా క్యాబినెట్‌లో మాట్లాడినట్టే వంటింట్లోనూ మాట్లాడటం, నాకైతే ఒళ్లు మండుతుంది.

విలేకరి కాత్రినె కథని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. చాలామంది ఆమె, కాస్పర్‌ల ప్రేమ గొడవ వచ్చినప్పుడు ఫోన్ తీస్తారు. టీవీ న్యూస్‌రూమ్ సీన్లు పక్కనపెడితే సీరియల్ సగమే మిగులుతుంది. ప్రధాని ఒక మాట అంటుంది, కాస్పర్ దానికి రంగేస్తాడు, కాత్రినె ఆ రంగు గోకుతుంది. ఆ మాట మూడు చోట్లా ఎలా మారిందో చూడమని మీ పక్కవాళ్లకి చెప్పండి, ఫోన్లు వాటంతటవే కిందికి దిగుతాయి.

రెండో సీజన్‌లో కూతురు లౌరా ఆందోళన జబ్బు కథ వస్తుంది. ఇంట్లో ఎవరికైనా అలాంటి ఇబ్బంది ఉంటే ముందే చెప్పి కూర్చోబెట్టండి. మూడో సీజన్ కొంచెం నెమ్మది. ఆవిడ కొత్త పార్టీ పెట్టుకోవడం, పందుల పెంపకం మీద చర్చ, ఇలా సాగుతుంది. మా పై అంతస్తులో ఉండే డేనిష్ పెద్దావిడకి ఆ పందుల ఎపిసోడే అన్నిటికంటే ఇష్టం. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకుంటుంది.

30 ఎపిసోడ్లతో 2013లో కథ ఆగింది. 2022లో వచ్చిన 8 ఎపిసోడ్ల నాలుగో సీజన్‌ని మాత్రం వెంటనే మొదలుపెట్టకండి, కొన్ని వారాలు ఆగండి. మధ్యలో కథలోనూ ఏళ్లు గడిచాయి, ఆవిడ మారిపోయింది. ఇప్పుడు విదేశాంగ మంత్రి, పైన తనకంటే చిన్నదైన ప్రధాని. గ్రీన్‌లాండ్‌లో చమురు పడుతుంది, ఆవిడ నిన్న అన్నమాట ఇవాళ మింగుతుంది. ఒకప్పుడు అసహ్యించుకున్న లాగెసెన్ సలహా కూడా తీసుకుంటుంది. "ఈవిడ మన బిర్గిటె కాదు" అని చాలామంది అలుగుతారు. నాకు ఈ సీజనే ఎక్కువ నచ్చింది, మా గుంపులో ఈ మాటకి మద్దతు లేదు.

ఇది సరిగ్గా ఎక్కాలంటే రెండు సంగతులు తెలియాలి. 2009 స్వపరిపాలన చట్టం ప్రకారం భూగర్భ సంపద గ్రీన్‌లాండ్ చేతుల్లో ఉంటుంది, విదేశాంగం, రక్షణ కోపెన్‌హాగన్ చేతుల్లో ఉంటాయి. చమురు వాళ్లది, అది కొనాలని రష్యా, చైనా వస్తే తలనొప్పి వీళ్లది. ఈ సీజన్ మొత్తం ఆ ముడి చుట్టూనే. నిజంలో గ్రీన్‌లాండ్ ప్రభుత్వం 2021లోనే కొత్త చమురు అన్వేషణ ఆపేసింది. ఇక ఆ దీవిని కొంటానని ట్రంప్ 2019లోనే అనడంతో అక్కడివాళ్లు ఈ కథని వట్టి కథగా చూడటం లేదు.

పై అంతస్తు పెద్దావిడ నాలుగోది చూడనంటే చూడనంది, మూడో సీజన్ ముగింపు బావుందిగా, ఇంకెందుకని. ఆవిడ ఇష్టం ఆవిడది. మీరు చూస్తే మాత్రం గ్రీన్‌లాండ్ మ్యాప్ ఒకటి పక్కన తెరిచి పెట్టుకుని, కథలో వచ్చే ఊరు ఇలులిసాట్ ఎక్కడుందో గుర్తుపట్టాకే ప్లే నొక్కండి.