పెళ్లికి ముందే తేల్చుకోవాల్సిన డబ్బు సంగతులు

పెళ్లి ఖాయమవగానే హాలు, బట్టలు, ఫొటోలు, పిలుపుల లెక్కలు మొదలవుతాయి. జీతం ఎంతో కూడా ముందే ఆరా తీసి ఉంటారు. అప్పులెన్ని ఉన్నాయో మాత్రం ఎవరూ అడగరు. జీతంలో సగం ఈఎంఐలకే పోతుంటే ఆ జీతం చూసి మురిసిపోయి లాభమేంటి?

పెళ్లికి రెండు మూడు నెలల ముందే ఇద్దరూ ఓ పూట దీనికోసం కూర్చోండి. పెద్దవాళ్లు పక్కన లేకుంటేనే మంచిది, వాళ్లుంటే నిజం సగమే బయటికొస్తుంది. నోటి మాటలతో సరిపెట్టుకోవద్దు. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎవరి పేరు మీద ఏ అప్పులున్నాయో చూపే క్రెడిట్ రిపోర్టులు ముందు పెట్టుకోండి. ప్రతి నెలా ఒకే తేదీన కట్ అవుతున్న మొత్తాలు ఏమిటో ఒక్కొక్కటీ అడగండి. క్రెడిట్ కార్డు బిల్లులో 'మినిమం డ్యూ', అంటే ఆ నెలకు కట్టాల్సిన కనీస మొత్తం మాత్రమే కడుతూ వస్తుంటే అది మామూలు అప్పు కాదు. నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటాం. వడ్డీ మీద వడ్డీ పడి అది 42 శాతం దాటుతుంది. ముందు తీర్చాల్సింది అదే.

అంతకన్నా ప్రమాదం ష్యూరిటీ సంతకం. స్నేహితుడి లోనుకో, బాబాయి వ్యాపారానికో ఎప్పుడో సంతకం పెట్టి మర్చిపోతారు. 'అది నా అప్పు కాదుగా' అనుకుంటారు కాబట్టి దాచాలని లేకపోయినా చెప్పరు. తీసుకున్న మనిషి కట్టడం మానేస్తే బ్యాంకు వచ్చేది సంతకం పెట్టినవాళ్ల దగ్గరికే. అందుకే "ఎవరికైనా ష్యూరిటీ ఉన్నావా?" అని సూటిగా, విడిగా అడగాలి. ఇక్కడ మొహమాటపడితే తర్వాత ఇద్దరూ కలిసి కట్టాల్సి వస్తుంది.

పెళ్లి ఖర్చుకు లోను తీసుకునే ముందు ఓ లెక్క చూడండి. 14 శాతం వడ్డీకి లక్ష తీసుకుని ఐదేళ్లలో తీరిస్తే వడ్డీయే దాదాపు 40 వేలు. ఆ ఐదేళ్లలోనే కాపురం పెట్టాలి, బహుశా పిల్లలూ పుడతారు. నన్నడిగితే, మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా పక్కన పెట్టాక మిగిలిందే పెళ్లి బడ్జెట్. అతిథుల జాబితా దానికి తగ్గట్టు కుదించుకోవాల్సిందే.

అమ్మానాన్నలకు నెలనెలా పంపే డబ్బు గురించి ఇద్దరూ ముందే చెప్పుకోవాలి. పెళ్లయ్యాక తెలిస్తే చిన్న మొత్తం కూడా పెద్ద గొడవవుతుంది. ఇంటి ఖర్చులకు ఒక జాయింట్ ఖాతా పెట్టి, సంపాదనను బట్టి చెరో వాటా వేసుకోవచ్చు. ఎవరి సొంత ఖాతా వాళ్లకు ఉండనివ్వండి.

ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఇంకో జాగ్రత్త. బ్యాంకు ఎక్కువ లోను ఇస్తుందని ఇద్దరి పేర్లూ పెడతారు, రిజిస్ట్రేషన్ మాత్రం ఒక్కరి పేరు మీదే చేయిస్తారు. అప్పుడు రెండోవాళ్లు అప్పుకు బాధ్యులే, కాగితాల్లో ఇంటికి మాత్రం యజమాని కారు. సంతకం పెట్టేముందు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూసుకోండి.

హెల్త్ పాలసీల్లో కాన్పు ఖర్చులకు సాధారణంగా వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే పాలసీ తీసుకున్నాక కొంతకాలం గడిస్తేగానీ ఆ ఖర్చులు ఇవ్వరు. అవసరం వచ్చాక తీసుకుంటే పనికిరాదు కాబట్టి పెళ్లి నాటికే చూసుకోవాలి. పెళ్లయ్యాక పాత ఖాతాలు, పాలసీల్లో నామినీగా ఎవరి పేరుందో చూసి, మార్చాల్సినవి అడ్రస్ మార్పుతో పాటే మార్పించేయండి.